రాయచూరు నిలిపిన శాంతి, రక్కసతంగడిలో పోయిన శాంతి

కర్ణాటకలో పెరిగిన తెలుగు పిల్లలకి ఒకే యుద్ధం రెండు పేర్లతో తెలిసి ఉంటుంది. బడిలో కన్నడ పుస్తకం దాన్ని రక్కసతంగడి యుద్ధం అంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు తళ్ళికోట యుద్ధం అంటారు. 1565 జనవరి 23న కృష్ణా నది దగ్గర జరిగింది, అళియ రామరాయల తల తెగింది, విజయనగరం పాడుబడింది. ఇంతవరకు బడి పాఠమూ ఇంటి కథా ఒకటే. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా రెండు చోట్లా ఒకటే: "అంత పెద్ద సైన్యం ఉండి ఎట్లా ఓడిపోయారు?"

ఈసారి మన బ్లాగులో ఇంకో ప్రశ్న వేద్దామనుకున్నాను. ఓడిపోవడం తర్వాతి సంగతి. అసలు ఆ యుద్ధం ఎందుకు వచ్చింది? దక్షిణాదిలో అందరికంటే పెద్ద సైన్యం ఉన్న రాజ్యం మీదికి నది దాటి రావడానికి పక్క రాజ్యాలకి తెగువ ఎక్కడ నుంచి వచ్చింది? బలం ఉంటే ఎవడూ మన జోలికి రాడని మనమంతా నమ్ముతాం. వీధి రౌడీ దగ్గర్నుంచి దేశాల దాకా అదే సూత్రం చెప్తాం. మరి విజయనగరం దగ్గర ఆ సూత్రం కొంతకాలం పని చేసి ఒక రోజు ఎందుకు ఆగిపోయింది?

యుద్ధం జరగకుండా చూసే సైన్యం

సైన్యానికి రెండు పనులు ఉంటాయి. ఒకటి యుద్ధం గెలవడం. రెండోది, యుద్ధం మొదలే కాకుండా చూడడం. ఈ రెండో పనిని యుద్ధ నిరోధం అంటారు. అణుబాంబుల కాలంలో పుట్టిన మనకి నిరోధం అంటే బాంబే గుర్తొస్తుంది. కానీ మనిషి చరిత్రలో ఎక్కువ కాలం ఆ పని చేసింది మామూలు సైన్యాలే: కాల్బలం, గుర్రాలు, ఏనుగులు, కోటలు, తర్వాత ఫిరంగులు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రిలీజ్ అయ్యాక ఏ గొడవా రాలేదంటే మా పని సరిగ్గా జరిగినట్టు. కానీ గొడవ రానప్పుడే "ఇంతమంది టెస్టర్లు ఎందుకు?" అనే ప్రశ్న వస్తుంది. నిరోధానికీ ఇదే చిక్కు. గెలిచిన యుద్ధానికి శాసనం వేయిస్తారు, కావ్యం రాయిస్తారు. జరగని యుద్ధానికి శాసనం ఉండదు. పక్క రాజు రాత్రంతా లెక్కలు వేసుకుని "వద్దులే" అనుకుని పడుకున్న రోజుని ఎవరు రాసిపెడతారు? అందుకే చరిత్రలో దీన్ని వెతకాలంటే యుద్ధాల మధ్య ఖాళీల్లో వెతకాలి. విజయనగరానికి సంబంధించి ఆ ఖాళీలు చూడ్డానికి మంచి చోటు రాయచూరు.

రెండు నదుల మధ్య నేల

మ్యాపు తీసి చూడండి. పైన కృష్ణ, కింద తుంగభద్ర, రెండూ కలిసే దాకా మధ్యలో ఒక మూల. అదే రాయచూరు అంతర్వేది. మంచి పంట నేల, మీదుగా దారులు, రాయచూరు, ముదగల్లు అనే రెండు గట్టి కోటలు. ఉత్తరం నుంచి విజయనగరానికి రావాలన్నా, దక్షిణం నుంచి బీజాపూర్ మీదికి పోవాలన్నా ఈ నేల చేతిలో ఉన్నవాడికి ఒక నది అడ్డం తగ్గిపోతుంది. అందుకే బహమనీలు, విజయనగరం వాళ్ళు, తర్వాత బీజాపూర్ ఆదిల్‌షాహీలు తరతరాలుగా దీని కోసం కొట్టుకున్నారు.

మన కుటుంబాల వాళ్ళకి ఇక్కడ ఇంకో ఆసక్తి ఉంది. రాయచూరు కోట లోపలి గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాతి పలక ఉంది. దాని మీద కాకతీయుల కాలం నాటి తెలుగు శాసనం. 1294లో ఈ కోట కట్టించిన సంగతి అందులో ఉంది. అంత పెద్ద రాయిని దున్నలు కట్టిన బండి మీద ఎట్లా లాక్కొచ్చారో బొమ్మ కూడా చెక్కారు. "మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" అని అడిగేవాళ్ళకి చూపించదగ్గ రాయి అది. కోట గోడ కూడా నిరోధంలో భాగమే. వచ్చేవాడికి "లోపలికి రావడం సులభం కాదు, రోజులు పడతాయి, ఆలోపు మావాళ్ళు వస్తారు" అని ముందే చెప్పే రాయి.

తన లోటు తాను చూసుకున్న రాజు

పదిహేనో శతాబ్దం మొదటి సగంలో విజయనగరం పెద్ద రాజ్యమే, కానీ బహమనీల చేతిలో పదే పదే దెబ్బ తింటూ ఉండేది. బీజాపూర్ ఆస్థానంలో ఉండి చరిత్ర రాసిన ఫెరిస్తా ఒక సంగతి చెప్తాడు. రెండో దేవరాయలు తన వాళ్ళని కూర్చోబెట్టి "మన దేశం పెద్దది, మనుషులు ఎక్కువ, డబ్బు ఎక్కువ, అయినా ఎందుకు ఓడుతున్నాం?" అని అడిగాడట. దైవం రాత అని ఎవరో అన్నారు. ఇంకొందరు మాత్రం సూటిగా చెప్పారు: వాళ్ళ గుర్రాలు మంచివి, వాళ్ళ విలుకాళ్ళు మంచివాళ్ళు.

దేవరాయలు రెండో మాట విన్నాడు. ముస్లిం విలుకాళ్ళని కొలువులోకి తీసుకున్నాడు, జాగీర్లు ఇచ్చాడు, నగరంలో మసీదు కట్టించాడు, వాళ్ళు సలాం చేసేటప్పుడు ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడు. వాళ్ళ చేత తన సైనికులకి విలువిద్య నేర్పించాడు. 1443లో హీరాత్ నుంచి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఈ నగరాన్ని, ఏడు ప్రాకారాలని, పదకొండు లక్షల సైన్యాన్ని, వెయ్యికి పైగా ఏనుగుల్ని వర్ణించాడు. అంకెలు అతిశయోక్తి కావచ్చు. కానీ చూసినవాడి మీద ఏ ముద్ర పడిందో అదే నిరోధానికి ముఖ్యం.

గుర్రం సంగతి కూడా చెప్పాలి. మంచి యుద్ధాశ్వాలు హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో రావాలి. సాళువ నరసింహుడు ఎంత పట్టుదలగా కొన్నాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధరే ఇచ్చాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. మన లెక్కలో ఇది పిచ్చి ఖర్చు. కానీ వర్తకుడి నష్టభయం అంతా తనమీద వేసుకున్నాడు కాబట్టి ఓడలు ఈయన వైపే తిరుగుతాయి. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెప్తూ ఇదే విషయం ఎత్తుతాడు: రేవులు బాగా చూసుకోవాలి, దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకుల్ని మంచి ధరతో, మర్యాదతో కట్టిపడేసుకోవాలి, ఆ సరుకు శత్రువుకి చేరకూడదు. వైష్ణవ భక్తి కావ్యంలో రక్షణ శాఖ కొనుగోళ్ళ విధానం కూడా ఉందన్నమాట!

నవమి కవాతు

హంపికి పోయినవాళ్ళంతా మహానవమి దిబ్బ ఎక్కి ఫోటో దిగే ఉంటారు. దిగేటప్పుడు పక్క రాళ్ళు చూడండి. ఏనుగులు, గుర్రాలు, గుర్రాలు తెచ్చిన విదేశీ వర్తకులు వరసలుగా ఉంటారు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఆ ఉత్సవాన్ని కళ్ళారా చూశాడు. తొమ్మిది రోజులూ అయ్యాక రాజు నగరం బయట సైన్యాన్ని చూడడానికి వెళ్ళేవాడు. దారికి రెండు పక్కలా, గుట్టల మీద కూడా సైన్యం: కవచం తొడిగిన గుర్రాలు, డాళ్ళ వాళ్ళు, విలుకాళ్ళు, తుపాకుల వాళ్ళు, ఏనుగులు.

పండగే, కాదనను. కానీ ఆ పండక్కి పక్క రాజ్యాల మనుషులు, వర్తకులు, వేగులవాళ్ళు కూడా వస్తారు కదా. చూసింది వెనక్కి వెళ్ళి చెప్తారు. పేస్ ఇంకో మాట కూడా రాశాడు. ఈ రాజు సైన్యం ఎప్పుడూ జీతం మీద ఉంటుంది, ఎటు పంపాలన్నా సిద్ధంగా ఉంటుంది, సరిహద్దున ఉన్న ముగ్గురు రాజుల్లో ఎవరికైనా బలం చూపించాలనుకుంటే ఇంకా లక్షల మందిని దించగలడు, అందుకే ఈ ప్రాంతంలో అందరికంటే ఎక్కువ భయపడేది ఈయనకే అని. నిరోధం అనే మాట ఆయన వాడలేదు గానీ చెప్పింది అదే.

ఇంత సైన్యాన్ని పోషించింది నాయంకర పద్ధతి. నాయకుడికి సీమ ఇస్తారు. అతను రాజుకి పన్నులో వాటా కట్టాలి, చెప్పినన్ని గుర్రాలు, కాల్బలం, ఏనుగులు సిద్ధంగా ఉంచాలి. రెండు వందల మందికి పైగా నాయకులు ఉన్నారని, వాళ్ళు ఆరు లక్షల కాల్బలం, 24,000 గుర్రాలు ఉంచాలని నూనిజ్ లెక్క ఇచ్చాడు. ఈ రోజు తమిళనాడులో, దక్షిణ కర్ణాటకలో ఉన్న తెలుగు కుటుంబాల్లో కొన్ని అక్కడికి చేరిన దారి ఈ నాయకుల వెంటే. మన పెద్దవాళ్ళు తిన్న కూడుకీ ఈ సైన్యానికీ సంబంధం ఉంది.

1520: గెలుపు, దాని తర్వాత

1520 మే 19న రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడ్డారు. నూనిజ్ చెప్పిన ప్రకారం మొదట బీజాపూర్ ఫిరంగులు ఒక్కసారిగా పేలి విజయనగరం ముందు వరసలు చెదిరిపోయాయి. రాయలు తన ఉంగరం తీసి ఒక సేవకుడికి ఇచ్చాడు, తాను చనిపోతే రాణులకి చూపించమని. గుర్రమెక్కి తానే ముందుకి దూకాడు. బీజాపూర్ సైన్యం కృష్ణ దాకా తరుముడు పడింది. నాలుగు వందల పెద్ద ఫిరంగులు విజయనగరం చేతికి చిక్కాయి. తర్వాత కోట ముట్టడిలో క్రిస్తొవావ్ ద ఫిగెరెదో అనే పోర్చుగీసు మనిషి, అతని తుపాకీ వాళ్ళు సాయం చేశారు. కోట పడింది.

మన ప్రశ్నకి జవాబు ఈ గెలుపు తర్వాత దొరుకుతుంది. ఆ తర్వాత ఇంకోసారి ఆదిల్‌షా రాయచూరు తిరిగి తీసుకుందామని వచ్చాడు. రాయలు బయల్దేరి వస్తున్నాడని తెలియగానే పోరాడకుండానే వెనక్కి తిరిగాడు. అదీ జరగని యుద్ధం! రాయలు బతికున్నంత కాలం రాయచూరు చేయి మారలేదు. 1529లో ఆయన చనిపోయాడు. 1530కల్లా ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరు, ముదగల్లు రెండూ తీసేసుకున్నాడు.

ఒక్క ఏడాదిలో గుర్రాలు మాయం కాలేదు, నాయకులు చచ్చిపోలేదు, కోట గోడ కూలలేదు. మారింది ఒక్కటే: "మనం కదిలితే వాళ్ళు వెంటనే కదులుతారు" అన్న నమ్మకం. వారసత్వం గొడవల్లో ఉన్న కొలువు త్వరగా కదలదని బీజాపూర్‌కి తెలుసు. సైన్యం అంకె కాగితం మీద ఎంతైనా ఉండొచ్చు. ఎదుటివాడి మనసులో పడే అంకె వేరే.

అయితే 1520 గెలుపులోనే రెండు విత్తనాలు పడ్డాయి.

మొదటిది అవమానం. కోటలు, ఫిరంగులు తిరిగి ఇమ్మని ఆదిల్‌షా రాయబారిని పంపితే, మీ ప్రభువు వచ్చి నా పాదం ముద్దు పెట్టుకుంటే అన్నీ ఇస్తానని రాయలు అన్నాడట. ఆదిల్‌షా రాలేదు, రాయలు బీజాపూర్ దాకా పోయాడు, ఆ నగరం చాలా దెబ్బ తింది. మిగతా దక్కను ప్రభువులు కూడా కబురు పెట్టారు: తీసుకున్నవి తిరిగి ఇవ్వండి, లేకపోతే మేమంతా అతని పక్కన నిలబడాల్సి వస్తుంది అని. మీరు రావడం ఎందుకు, నేనే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాను అని రాయలు జవాబిచ్చాడని నూనిజ్ రాశాడు. సినిమాలో అయితే ఈ డైలాగుకి ఈలలు పడతాయి. కానీ నలుగురు కలిసే ఆలోచన అక్కడ వినపడింది. తళ్ళికోటకి నలభై అయిదేళ్ళ ముందు.

రెండో విత్తనం ఫిరంగి. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. రాయచూరులో గెలిచినవాడు గుర్రాల దూకుడుతో గెలిచాడు కాబట్టి ఫిరంగి మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. ఓడినవాడు మాత్రం ఎక్కడ తప్పు జరిగిందో కూర్చుని చూసుకున్నాడు. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాన కోట బురుజులు ఫిరంగులకి తగ్గట్టు మారాయి, పోత పనివాళ్ళు వచ్చారు. విజయపురలో సింహ బురుజు మీద ఉన్న మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోసిందే. దేవరాయలు ఒకప్పుడు చేసిన పని, అంటే ఓడిపోయి లోటు సరిచేసుకోవడం, ఇప్పుడు అవతలి వాళ్ళు చేశారు.

రామరాయల లెక్క

అళియ రామరాయలు 1540ల నుంచి రాజ్యాన్ని నడిపాడు. చేతకానివాడు కాదు. 1547లో పోర్చుగీసు వాళ్ళతో ఒప్పందం చేసుకుని గుర్రాలు విజయనగరానికే అమ్మేట్టు చూశాడు. 1550ల మొదట్లో అహ్మద్‌నగర్‌తో కలిసి రాయచూరు, ముదగల్లు తిరిగి సంపాదించాడు. ఆ తర్వాత పక్క మార్చి, బీజాపూర్ అలీ ఆదిల్‌షాతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి పోయాడు. ఉత్తరాన ఉన్న రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నంత కాలం నది దాటి ఎవరూ రారు. ఇరవై ఏళ్ళు ఇది పని చేసింది కూడా.

ఇది మతాల మధ్య గీత గీసుకున్న కాలం అనుకుంటే ఈ కథ అర్థం కాదు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. తర్వాత తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడింది ఆయన్నే. అలీ ఆదిల్‌షా, రామరాయల కొడుకు చనిపోయినప్పుడు పరామర్శకి విజయనగరం వచ్చాడు, రామరాయల భార్య అతన్ని కొడుకులా చూసుకుందని ఫెరిస్తా రాశాడు. అయితే వెళ్ళేటప్పుడు రామరాయలు సాగనంపడానికి రాలేదని అతని మనసులో పడిపోయిందట.

మర్యాద ఒక్కటే అయితే సర్దుకుపోయేది. ప్రతి సాయానికీ రామరాయలు నేల అడిగాడు. శత్రువు దగ్గర తీసుకోవడం మామూలే. స్నేహితుడి దగ్గర కూడా తీసుకున్నాడు. గోల్కొండ నుంచి కోయిలకొండ, పానగల్లు, ఘనపురం (ఇప్పుడు తెలంగాణలో ఉన్నవి) పోయాయి. బీజాపూర్ కూడా ఊళ్ళు వదులుకుంది. అహ్మద్‌నగర్ సీమ తొక్కిసలాట అయ్యింది. ఒక్కో దర్బారులో కూర్చుని చూడండి. విజయనగరంతో శత్రుత్వం పెట్టుకుంటే నష్టం. స్నేహం చేస్తే నష్టం. ఊరికే కూర్చుంటే రేపు నష్టం. ఇక యుద్ధానికి భయపడి దాచుకునేది ఏముంది?

నాకు అర్థమైనంతలో ఇదే కీలకం. నిరోధానికి మూడు కాళ్ళు. బలం కనపడాలి. ఆ బలం వెంటనే కదులుతుందని నమ్మకం ఉండాలి. మూడోది, నువ్వు నీ హద్దులో ఉంటే నేను నీ జోలికి రాను అన్న భరోసా. ఇరవయ్యో శతాబ్దంలో థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త దీన్ని ఇట్లా వివరించాడు: ఇంకో అడుగు వేస్తే కాలుస్తాను అనే బెదిరింపు పని చేయాలంటే, ఆగిపోతే కాల్చను అన్న మాట కూడా దాని లోపల ఉండాలి. ఆగినా కాలుస్తాడనుకుంటే ఎవడైనా ఎందుకు ఆగుతాడు? రామరాయల దగ్గర మొదటి రెండు కాళ్ళూ గట్టిగానే ఉన్నాయి. మూడోది విరిగిపోయింది.

నది దాటిన వారం

1564లో బద్ధశత్రువులైన బీజాపూర్, అహ్మద్‌నగర్ పెళ్ళిళ్ళతో కలిశాయి. హుసేన్ నిజాంషా కూతురు చాంద్‌బీబీని అలీ ఆదిల్‌షాకి ఇచ్చారు, ఎప్పటి నుంచో గొడవ పడుతున్న షోలాపూర్ కోట కట్నంగా పోయింది. అలీ చెల్లెల్ని నిజాంషా కొడుక్కి ఇచ్చారు. గోల్కొండ, బీదర్ కూడా చేరాయి. డిసెంబరు చివరికి సైన్యాలు తళ్ళికోట దగ్గర దిగాయి.

జాన్ మియర్షైమర్ అనే అమెరికా పండితుడు 1983లో మామూలు సైన్యాల నిరోధం మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పేది, దాడి చేసేవాడు ఎదుటివాడి సైన్యం ఎంత అని మాత్రమే చూడడు, త్వరగా తేలిపోతుందా లేక ఏళ్ళ తరబడి ఈడుస్తుందా అని చూస్తాడు. త్వరగా తేలుతుందనుకుంటే పెద్ద సైన్యం కూడా అతన్ని ఆపలేదు. తళ్ళికోట కూటమికి సరిగ్గా అట్లాంటి దెబ్బే కావాలి. నలుగురు ఎక్కువ కాలం కలిసి ఉండలేరని వాళ్ళకే తెలుసు. ఒక్క పెద్ద పోరులో తేల్చేయాలి. చేతిలో ఫిరంగులున్నాయి.

విజయనగరం వాళ్ళు కృష్ణ మీద ముఖ్యమైన రేవుని కట్టుదిట్టం చేశారు. కూటమి సైన్యం ఇంకో రేవు వెతుకుతున్నట్టు ఒడ్డు వెంబడి కొన్ని రోజులు నడిచింది. అవతలి ఒడ్డున విజయనగరం సైన్యం కూడా వాళ్ళతో పాటే నడిచింది, కాపలా వదిలేసి. వాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగి అదే రేవులో దాటేశారు. పోరులో మొదట విజయనగరం పక్కలదే పైచేయి. మధ్యలో మాత్రం అహ్మద్‌నగర్ ఫిరంగులు మూడు వరసల్లో ఆరు వందలు, ముందు విలుకాళ్ళు అడ్డం నిలబడి వాటిని కనపడకుండా దాచారు. దగ్గరికి రాగానే రాగి నాణేల సంచులు కూరి పేల్చారు. రామరాయలు పట్టుబడ్డాడు.

రామరాయల తమ్ముడు తిరుమల ధనం ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ వైపు పోయాడు. ఏడు ప్రాకారాల నగరాన్ని కాపాడడానికి ఎవరూ నిలబడలేదు. అయిదారు నెలలు దోచుకున్నారు. రాజ్యం నిరోధం మొత్తాన్ని ఒకే మైదానంలో, ఒకే రోజు మీద పెట్టేసింది.

మోసం కథ గురించి

రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు మధ్యలో పక్క మార్చారని, అందుకే ఓడారని ఒక కథ ఉంది. 1567లో వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే మెసేజీలు ఈ ఒక్క ముక్క పట్టుకుని, ఈనాటి పక్కింటివాడిని అనుమానంగా చూడమంటాయి. మనలాగా పరాయి రాష్ట్రంలో వందల ఏళ్ళుగా నలుగురి మధ్య బతుకుతున్నవాళ్ళు ఈ మాట ఆలోచించి వాడాలి.

ఆ కథ నిజమే అనుకుందాం. అది సాయంత్రం ఎట్లా ఓడారో చెప్తుంది. పొద్దున యుద్ధం ఎందుకు వచ్చిందో చెప్పదు. నది దాటాలన్న నిర్ణయం అంతకు ముందే, నాలుగు దర్బారుల్లో, లెక్క వేసుకుని జరిగిపోయింది. పైగా వంద ఏళ్ళకి పైగా విజయనగరం సైన్యానికి పదును పెట్టిన వాటిల్లో దేవరాయలు తెచ్చిన ముస్లిం విలుకాళ్ళు ఒకరు. ఆ ముక్క వదిలేసి ఈ ముక్క మాత్రమే పిల్లలకి చెప్పడం న్యాయం కాదు.

గెలిచినవాళ్ళకి ఏం మిగిలింది?

కూటమి వెంటనే విడిపోయింది, మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. దక్షిణాన తిరుమల వంశం పెనుకొండ, తర్వాత చంద్రగిరి, తర్వాత వేలూరు నుంచి ఇంకొన్ని తరాలు ఏలింది. ఆ కాలంలోనే నాయకులు, పాళెగాళ్ళు, వాళ్ళ వెంట రైతులు, నేతగాళ్ళు దక్షిణానికి ఇంకా సర్దుకున్నారు. మనలో చాలామంది ఇళ్ళల్లో "హంపి పడిపోయాక వచ్చాం" అనే మాట వినపడేది ఇందుకే. ఉత్తరాన బీదర్‌ని 1619లో బీజాపూర్ మింగింది. 1630ల్లో అహ్మద్‌నగర్, 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాయి. పక్కవాడిని లేకుండా చేస్తే భద్రత వస్తుందనుకున్నవాళ్ళకి ఆ భద్రత రాలేదు.

ఇదంతా సైన్యం అక్కర్లేదని చెప్పడానికి రాయలేదు. రాయలు గుర్రమెక్కాడని తెలిసి ఆదిల్‌షా వెనక్కి తిరిగిన రోజు రెండు పక్కలా వేలమంది ఇంటికి బతికి పోయారు. ఆ పని చేసింది సైన్యమే. దాని కోసం పన్ను కట్టిన రైతు డబ్బు వృథా కాలేదు. 1565లో అదే సైన్యం ఎందుకు ఆ పని చేయలేకపోయిందంటే, దాన్ని పట్టుకున్న చెయ్యి పక్కవాడికి ఊరికే కూర్చునే దారి లేకుండా చేసింది.

సెలవుల్లో పిల్లల్ని హంపి తీసుకుపోయేవాళ్ళు వీలైతే ఇంకో రెండు రోజులు కలుపుకోండి. రాయచూరులో ఆ తెలుగు రాయి, ముదగల్లు కోట, విజయపురలో మాలిక్-ఎ-మైదాన్ చూపించండి. అన్నీ మన రాష్ట్రంలోనే, బస్సులో పోయేంత దూరమే. హంపి ఒక్కటే చూస్తే "పాపం ఎట్లా ఓడారో" అంటారు. నాలుగూ చూస్తే "వాళ్ళు ఎందుకు వచ్చారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ళ నోట రానివ్వండి. మీ ఇంట్లో రాయచూరు, పెనుకొండ, వేలూరు పేర్లతో ఏదైనా వంశం మాట నడుస్తుంటే మాకు రాసి పంపండి, తర్వాతి వ్యాసంలో కలుపుకుందాం.